బ్యాటు కింద పారేసే ఆట

ఆడినన్నాళ్లూ మాకు నెలనెలా జీతం ఇచ్చారు. ఈ మాట చెబితే శంషాబాద్‌లో ఎవరూ నమ్మరు. బేస్‌బాల్‌కు జీతమేంది, అదీ ఆడోళ్లకు జీతమేంది అంటారు. ఇచ్చారు మరి! కాటేదాన్‌లో ఫ్యాక్టరీ నడిపే ఒక సేటు సరదాపడి ఆడవాళ్ల జట్టు పెట్టాడు. నేను క్యాచర్‌ని. బ్యాటు పట్టినామె వెనక గొంతుక్కూర్చుని, దూసుకొచ్చే బంతిని పట్టేదాన్ని. రెండేళ్లకు సేటుకు సరదా తీరింది. కూరలో కరివేపాకులా మమ్మల్ని తీసి పక్కన పెట్టాడు.

ఎవరి బతుకు వాళ్లం వెతుక్కున్నాం. బంతి విసిరే పిల్ల బుద్వేల్‌లో కర్రీ పాయింట్ పెట్టింది. ఇంకొక అక్క ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో టికెట్లు ఇస్తుంది. నేను కార్గోలో పెట్టెలు మోశాను. మోకాళ్లు అరిగాక మామిడిపల్లి దగ్గర ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరుగా చేరాను. కొన్నాళ్లు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ ఉద్యోగం పోతే నాకు మళ్లీ పెట్టెలే గతి.

స్పోర్ట్స్ డే పొద్దున చూస్తే గేటు మీద ఫ్లెక్సీ. నా ఫొటో కింద 'మాజీ క్రికెట్ క్రీడాకారిణి' అని రాసి ఉంది. ఇదేందని కరస్పాండెంట్ సారును అడిగాను.

"బేస్‌బాల్ అంటె పేరెంట్స్‌కు ఏం సమజైతది మేడం? క్రికెట్ అంటె అడ్మిషన్లు వస్తయి. జర సప్పుడు చెయ్యకుండ్రి" అన్నాడు.

ఒళ్లు మండింది. అయినా ఉద్యోగం గుర్తొచ్చి పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను.

మధ్యాహ్నం టీచర్లకూ తల్లిదండ్రులకూ క్రికెట్ మ్యాచ్. ముందు నన్నే దింపారు. మొదటి బంతినే గట్టిగా బాదాను. బాది, బ్యాటు కింద పారేసి పరుగెత్తాను. మా ఆటలో కొట్టగానే బ్యాటు వదిలేయాలి, చేతులకు అదే అలవాటు. అంతటితో ఆగానా? ఎదుటి వికెట్ల వైపు కాకుండా కుడివైపుకు ఉరికాను. మా ఆటలో మొదటి మజిలీ అటే ఉంటుంది. ఇక్కడ అటు భోజనాల టెంటు ఉంది.

"గీమె క్రికెటరా? దావత్‌కు ఉరుకుతున్నదేంది!" అని ఎవరో అరిచారు. గ్రౌండంతా ఒకటే నవ్వు.

సారు మైకు అందుకుని, "మేడంకు జర కళ్లు తిరిగినయి" అన్నాడు.

ఇక నావల్ల కాలేదు. నెత్తిమీద పోతున్న విమానం మోత తగ్గేదాకా ఆగి, ఆయన చేతిలోంచి మైకు గుంజుకున్నాను.

"నాకే కళ్లూ తిరగలే. నేను క్రికెట్ ఆడలే, బేస్‌బాల్ ఆడిన. జీతం తీస్కొని ఆడిన. ఎవలకన్న అనుమానముంటె రాండ్రి. ఎంత జోరుగ విసురుతరో విసురుండ్రి, పట్టుకుంట!"

నన్ను చూసి నవ్వినవాళ్లలోంచే ఒక భారీ మనిషి లేచి వచ్చాడు. నేను గొంతుక్కూర్చున్నాను. మోకాళ్లు ప్రాణం తీశాయి. విసిరాడు, పట్టాను. ఇంకా జోరుగా విసిరాడు, పట్టాను. మూడోది పక్కకు పోతుంటే పడిపోతూ పట్టాను. నవ్వు ఆగిపోయింది. ఆ మనిషి చప్పట్లు కొట్టాడు, ఆ తర్వాత అందరూ కొట్టారు.

సారు నా చెవి దగ్గరికొచ్చి, "సోమవారంకెల్లి రావొద్దు మేడం" అన్నాడు.

"గా మాట అందరు వినేటట్టు చెప్పుండ్రి సార్" అని మైకు ఆయన ముందు పెట్టాను.

ఇంకా చప్పట్లు కొడుతున్న పేరెంట్స్ వైపు చూశాడాయన. మైకు తీసుకోలేదు.

సోమవారం మొదటి పీరియడ్‌లో ఆడపిల్లలందరినీ వరసగా క్యాచర్లలా గొంతుక్కూర్చోబెట్టాను.