కాంపౌండర్ మింగేసిన తిట్లు

మా దవాఖానలో ఫోన్ ఆఫీసు గదిలో ఉండేది. ఆపరేషన్ గది వరండాకి అవతల ఉండేది. ఫోన్ తీగ గుమ్మం దాకా కూడా వచ్చేది కాదు. వచ్చి ఉంటే నాకు ఈ కథ చెప్పుకునే అవసరమే ఉండేది కాదు.

ఎనభైల మొదట్లో మాట. వరంగల్‌లో సర్జరీ చదువు ముగించి, స్టేషన్ ఘన్‌పూర్ దాటి లోపలికి వెళ్లే ఒక ఊళ్లో చిన్న సర్కారు దవాఖానకి డాక్టర్‌గా వచ్చాను. ముప్పై ఏళ్లు నిండలేదు గానీ పొగరుకి లోటు లేదు. ఎవరైనా సార్ అనకుండా మాట్లాడితే నా ముఖం మాడిపోయేది. మా కాంపౌండర్‌ది మా నాన్న వయసు. అయినా నేను గదిలోకి వస్తే లేచి నిలబడేవాడు. వద్దని నేనెప్పుడూ అనలేదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, వరంగల్ ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే మనిషిని ఎడ్లబండి మీద తెచ్చారు. నాట్లకని ఇంటికి వచ్చాడట. గజ్జల్లో ఎన్నాళ్లుగానో ఉన్న హెర్నియాలో పేగు చిక్కుకుని, నిన్నటి నుంచి బిగుసుకుపోయింది. వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి, వరంగల్ పంపే దారి లేదు. అలాంటి ఆపరేషన్ నేనెప్పుడూ ఒంటరిగా చెయ్యలేదు. వరంగల్‌లో నాకు సర్జరీ నేర్పిన గురువుగారికి ట్రంక్ కాల్ చేశాను. ఆయన నోటికి జడవని శిష్యుడు లేడు. విషయమంతా విని, నువ్వే మొదలుపెట్టు, నేను లైన్ మీద ఉంటా, ఫోన్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టు అన్నారు.

ఈ మధ్య మా కుర్ర డాక్టర్లు రోబో చేతులతో ఆపరేషన్ నేర్చుకుంటుంటే, ఎక్కడో వేరే ఊళ్లో కూర్చున్న గురువు తెర మీద అంతా చూస్తూ చెబుతున్నాడు. చూసి ముచ్చటపడ్డాను, కొంచెం కుళ్లుకున్నాను కూడా. ఆ రోజు మా గురువుగారికి నా కళ్లే దిక్కు. నాకు కాంపౌండర్ నోరే దిక్కు.

ఏర్పాటు ఇలా కుదిరింది. ఆపరేషన్ గది కిటికీ, ఆఫీసు గది కిటికీ తెరిచి పెట్టాం. నేను ఇక్కణ్ణుంచి అరిచిందాన్ని కాంపౌండర్ ఫోన్లో చెప్పాలి, ఆయన చెప్పింది నాకు అరవాలి. రెండు కిటికీల మధ్య వరండాలో పేషెంట్ భార్య గోడకానుకుని కూర్చుంది. పేషెంట్‌కి నడుములో మత్తుసూది ఇచ్చాను. నొప్పి తెలియదు గానీ తెలివిలోనే ఉన్నాడు. పక్కన నర్సమ్మ ఒక్కతే.

మొదట్లో అంతా సాఫీగా సాగింది. సార్ జర కిందికి కొయ్యమంటున్నరు, సార్ నిదానంగ పొమ్మంటున్నరు అని కాంపౌండర్ వినయంగా అందిస్తున్నాడు. గురువుగారు ఇంత మెత్తగా మాట్లాడటం నాకు కొత్త. నేనిక విద్యార్థిని కాదు, సాటి సర్జన్‌ని అనుకున్నారని లోలోపల పొంగిపోయాను. సిగ్గుచేటు, అయినా నిజం.

బిగుసుకున్న చోట వదులు చేసి పేగు బయటికి తీశాను. నేరేడుపండు రంగులో ఉంది. అది చచ్చిందా, ఇంకా బతికుందా అన్నదే ప్రశ్న. చచ్చిన పేగుని లోపలికి తోస్తే మనిషి దక్కడు. కోసి అతుకుదామంటే మా దగ్గర రక్తం లేదు, నా చేతికి అనుభవం లేదు, అలా చేసినా మనిషి దక్కకపోవచ్చు. నా కళ్లకి అది చచ్చిందే. నల్లబడింది, కోసేస్తున్నా అని అరిచాను.

కాంపౌండర్ ఆ మాట ఫోన్లో చెప్పాడు. తర్వాత కాంపౌండర్ గొంతు, "సార్ జర ఆగితె మంచిదంటున్నరు. మీకెట్ల మంచిగనిపిస్తె అట్ల చెయ్యండ్రి సార్" అంది.

నాకు అనుమతి దొరికినట్టే. కత్తెర అందుకున్నాను. పేగు మీద ఆనించాను కూడా. అప్పుడు తట్టింది, నీకెలా మంచిదనిపిస్తే అలా చెయ్యి అనే మాట గురువుగారు జన్మలో ఎవరితోనూ అనలేదని.

సార్ అన్నది అన్నట్టు చెప్పు అని అరిచాను. చెప్పిన కదా సార్ అన్నాడు. ఒక్క అక్షరం మార్చకుండా చెప్పమన్నాను. నా నోట రాదు సార్ అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్తవా లేదా అని గదంతా అదిరేలా గద్దించాను. అప్పుడు ఆ పెద్దమనిషి కిటికీ ఊచలు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, గొంతెత్తి చెప్పాడు.

"కోస్తివా, ఆని పానం నువ్వు దీసినట్టే రా గాడిద. కత్తెర కింద వెట్టు. ఉడుకు నీళ్ల గుడ్డ గప్పి, గడియారం జూస్కుంట పది నిమిషాలు చేతులు కట్టుకోని నిలబడు."

కత్తెర పళ్లెంలో పెట్టేశాను. నర్సమ్మ మరిగించిన సెలైన్ చల్లార్చి, వెచ్చగా ఉన్నప్పుడే గుడ్డలు తడిపి ఇచ్చింది. పేగు మీద కప్పి నిలబడ్డాను. ట్రంక్ లైన్లో ఎక్స్ఛేంజి అమ్మాయి మూడు నిమిషాలకోసారి ఇంకా మాట్లాడతారా అని అడుగుతోందని కాంపౌండర్ చెబుతూనే ఉన్నాడు. పేషెంట్ పైకప్పు చూస్తూ, ఏమన్న అయితాంది సారూ అని ఒకసారి అడిగాడు. ఏం లేదన్నాను. చెమట కళ్లలోకి కారుతుంటే నర్సమ్మ తుడిచింది. నాకు అంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

పది నిమిషాలకి గుడ్డ తీశాను. నలుపు విరిగి, అంచుల నుంచి ఎరుపు లోపలికి పాకుతోంది. ఇంకో ఐదు నిమిషాలకి పేగు దానంతటదే సన్నగా కదిలింది. లోపలికి తోసి కుట్లు వేశాను.

బయటికి వచ్చేసరికి కాంపౌండర్ చేతులు జోడించి నిలబడి ఉన్నాడు, నోరు జారిన సార్ అంటూ. ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. అతనేం చేస్తాడు, ఇన్నాళ్లూ నాకు ఇష్టమైనట్టే మాట్లాడాడు. అతని వెనకే పేషెంట్ భార్య లేచి వచ్చింది. రెండు కిటికీల మాటలూ పొల్లుపోకుండా విన్న మనిషి. నన్ను నిదానంగా చూసింది.

"ఆ పెద్దసారు తిట్టకపోతె నువ్వు కోసెటోనివే గద సారూ?"

కోపం నాలిక చివరిదాకా వచ్చింది. నీకేం తెలుసు, పో అనడం నాకు చిటికెలో పని. అనలేకపోయాను.

"కోసెటోన్నే అమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. మొగుడు మంచినీళ్లు ఎప్పుడు తాగొచ్చో అడిగి, అతని దగ్గరికి వెళ్లిపోయింది.