ఆమె వచ్చేదాకా ఆగిన క్లాసు

సూర్యాపేటలో నేను లెక్కలు చెప్పే తొమ్మిదో తరగతిలోకి, సగం ఏడాది గడిచాక మిర్యాలగూడ నుంచి ఒక అమ్మాయి వచ్చి చేరింది. తండ్రి రైసు మిల్లు లారీ నడుపుతాడు. తల్లి లేదు. వంట, తమ్ముణ్ని బడికి తయారుచేయడం అన్నీ ఈ పిల్ల మీదే. రోజూ ప్రార్థన అయిపోయాక వచ్చేది. చివరి బెంచీలో తల దించుకుని కూర్చునేది. లెక్కల్లో భిన్నాల దగ్గరే ఆగిపోయింది. కోప్పడ్డాను, బుజ్జగించాను, బడి అయ్యాక కూర్చోబెట్టుకుని చెప్పాను. ఏదీ పనిచేయలేదు. ఇన్నేళ్ల నా సర్వీసు ఆ పిల్ల ముందు ఎందుకూ కొరగాకుండా పోయింది.

ఒకరోజు బెల్లు కొట్టినా మా క్లాసు ఆడపిల్లలు లోపలికి రాలేదు. గేటు బయటే నిలబడ్డారు. ఏమిటని అడిగితే, వాళ్లలో పొడుగ్గా ఉండే అమ్మాయి, క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చేది, నెమ్మదిగా చెప్పింది.

"ఆమె వచ్చినంక వస్తం మేడం. రోజూ ఆమె ఒక్కతే తిట్లు తింటది. ఇయ్యాల అందరం తింటం."

హెడ్మాస్టరు గారు కేకలేశారు. వాళ్లు కదల్లేదు. కాసేపటికి ఆ కొత్త అమ్మాయి సందు మలుపు తిరిగి వచ్చి, తన కోసం ఆగిన వాళ్లను చూసి బిక్కచచ్చిపోయింది. జడ సగమే వేసుకుంది. ఒకమ్మాయి మిగతా సగం అల్లి రిబ్బను కట్టింది.

మర్నాటి నుంచి ఆమె వేళకు వచ్చింది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పిల్లలు ఆమెను వరండాలో కూర్చోబెట్టి, నేల మీద సుద్దముక్కతో లెక్కలు చేయించేవాళ్లు. తప్పు చేస్తే నవ్వేవాళ్లు కాదు, అలాగని వదిలేవాళ్లూ కాదు. ఆమెకు వచ్చేదాకా ఒక్కరూ ఆటకు లేచేవాళ్లు కాదు. ఆ మొహమాటమే ఆమె చేత చదివించింది. నేను దూరం నుంచి చూసేదాన్ని. సంతోషమే, కానీ ఇందులో నా చేతిలో ఏమీ లేదని కూడా తెలుస్తూ ఉండేది. చివరి పరీక్షలో ఆమె లెక్కల్లో గట్టెక్కింది. ఆ పేపరు క్లాసంతా చేతులు మారింది.

వేసవిలో తండ్రి టీసీ కోసం వచ్చాడు. కోదాడ మిల్లులో పని కుదిరిందట. పదో తరగతి పిల్ల కదా, ఈ ఒక్క ఏడాదీ ఇక్కడే హాస్టల్లో ఉంచమని బతిమాలాను.

"నాకు మాత్రం ఉంచాలని లేదా మేడం? చిన్నోణ్ని ఎవరు సూస్తరు? నేను లారెక్కితే ఎప్పుడొస్తనో నాకే ఎరుక లేదు" అన్నాడు.

టీసీ ఇప్పించాను.

చలికాలంలో ఒక పెళ్లికి కోదాడ వెళ్లి, వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోయాను. బడి నడిచే వేళ. ఆమె వాకిట్లో బట్టలు ఉతుకుతోంది. గబగబా చేతులు తుడుచుకుని కుర్చీ తెచ్చి వేసింది. బడి సంగతి అడిగితే, వీలైనప్పుడు పోతున్నానంది. ఈ బడి పిల్లలూ మంచోళ్లేనట, ఎవరూ ఏమీ అనరట. మళ్లీ బట్టలు అందుకుంటూ తనే చెప్పింది.

"గాడ నేను రాకుంటే అందరు ఆగేటోళ్లు మేడం. సిగ్గయితుండె. ఈడ నేను పోయినా, పోకున్నా ఎవరికీ ఎరుకే కాదు."

వాళ్ల లెక్కల మాస్టారితో మాట్లాడాను. చూస్తానన్నారు. చేయగలిగినంత చేసే మనిషిలాగే కనిపించారు. నేనూ చేయగలిగినంతా చేసినదాన్నే.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా పిల్లలు స్వీట్లు పట్టుకొచ్చి, ముందు ఆమె సంగతే అడిగారు. కోదాడ మాస్టారికి ఫోన్ చేసి కనుక్కుని, లెక్కల్లో పోయిందని చెప్పాను. ఎవరూ స్వీటు ముట్టలేదు. ఆమెను సప్లిమెంటరీ దాకా తమ ఇంట్లో ఉంచుకుంటామని, తమ్ముణ్ని కూడా తీసుకురమ్మని పొడుగమ్మాయి అంది. వాళ్లమ్మ ఒప్పుకుందట. అప్పటికప్పుడే తండ్రికి ఫోన్ చేశాను. ఆయన విని, చాలా మంచి మాట చెప్పారని, బిడ్డను అడిగి చెప్తానని అన్నాడు.

పిల్లలు కొన్నాళ్లు నా చుట్టూ తిరిగారు. కబురు వచ్చిందా అని అడిగేవాళ్లు. రాలేదు. నేను ఫోన్ చేస్తే, అడుగుతున్నా మేడం అనేవాడు తండ్రి. ఈలోగా ఇంటర్ అడ్మిషన్లు మొదలై, వాళ్లు తలా ఒక కాలేజీలో చేరిపోయారు.