గంజి పెట్టిన గుడ్డ

మదనపల్లెలో మగ్గం మీద బతికేవాణ్ణి నేను. టమాటా బాక్సుల మీద కప్పే ప్లాస్టిక్ పట్టలంటే నాకు మొదటినుంచీ రోత. వాటి కింద కాయ చెమర్చి కుళ్ళుతుంది. చిరిగాక ఆ పీలికలు కాలవల్లో, ఆవుల కడుపుల్లో చేరతాయి. అందుకే రెండేళ్ళు తంటాలు పడి, దట్టంగా నేసిన నూలుగుడ్డకు తేనెమైనం, గుగ్గిలం కరిగించి పట్టించాను. నీళ్ళు పడితే జారిపోతాయి, గాలి మాత్రం ఆడుతుంది. బాక్సుల మీద కప్పవచ్చు, వానలో తలమీదుగా వేసుకోవచ్చు, కింద పరిచి చెనక్కాయలు ఆరబోసుకోవచ్చు. పాతబడితే మట్టిలో కలిసిపోతుంది.

పుంగనూరు టమాటా రైతుల సంఘం పెద్ద, "కుప్పం ప్రదర్శనలో మావోళ్ళ కండ్ల ముందర నీళ్ళకు నిలిస్తే సంఘానికంతా నీ గుడ్డేనప్పా" అన్నాడు. ప్రదర్శన నిర్వాహకుడు ముందురోజే గుడ్డ తెప్పించుకున్నాడు.

మరునాడు కుప్పం వెళ్ళి బల్లమీద దాన్ని చూశాను. తెల్లగా, కర్ర మాదిరి బిగిసి ఉంది.

"ఏం చేసినావప్పా దీన్ని?" అని నిర్వాహకుణ్ణి అడిగాను.

"జిడ్డు వాసన కొడతా ఉండె. పెద్దాఫీసరు ముట్టుకునేది కదా! ఉడుకునీళ్ళలో సోడా వేసి ఉతికించి, గంజి పెట్టించి, ఇస్త్రీ కొట్టించినా. యాల, బాగలేదా?"

మా వైపు పెద్దల ముందుకు ఏ గుడ్డ వెళ్ళాలన్నా గంజి పెట్టందే వెళ్ళదు. మైనమంతా పోయిందని నేను అరుస్తూనే ఉన్నాను. ఇంతలో ఆ పెద్దాఫీసరు వచ్చి, గుడ్డను ఎత్తి పట్టించి, దానిమీద చెంబెడు నీళ్ళు పోశాడు. అవి తిన్నగా దిగి ఆయన బూట్ల మీద పడ్డాయి.

"బాగుండాదప్పా, రసం వడగట్టుకునేదానికి!" అన్నాడు సంఘం పెద్ద. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆ నిర్వాహకుడే. ఎవరు ఏ వరుసలో కూర్చుని నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

సంఘం మళ్ళీ ప్లాస్టిక్ పట్టలే కొంది. ఆ వానాకాలం పుంగనూరు వెళితే, పట్టల కింది బాక్సులనుంచి కారే పుల్లటి కంపుకు ముక్కు మూసుకున్నాను. సంఘం పెద్ద ఎదురొచ్చాడు. సంచిలోని కొత్త గుడ్డ తీసి, ఆయన చేతనే నీళ్ళు పోయించాను. బొట్టు దిగలేదు.

"నిలుస్తాండాదే! సంఘానికంతా నేసియ్యప్పా."

"నేస్తా. కుప్పంలో నవ్వినోళ్ళందరినీ పిలిచి, తప్పు గుడ్డది కాదని నీ నోటితో చెప్పు. ఆ పొద్దే పని మొదలుపెడతా."

"ఒక నవ్వుకేనా ఇంత? ఆడ కాయంతా పోతాండాదప్పా!"

"పోనీ."

ఆయన ఇంతవరకు చెప్పలేదు. నేను నేయలేదు. పోయిన వారం సోమల దారిలో, రోడ్డు పక్క గుంట నిండా అవే పట్టల పీలికలు, కుళ్ళిన కాయలు, ఈగలు. బస్సు కిటికీలోంచి ఉమ్మి, అద్దం మూసేశాను.