దవడతో విన్న గిటార్

మూడేళ్ల కిందటి ఎండాకాలం. మద్దేడ్‌లో, భోపాలపట్నం రోడ్డు పక్కన నా వడ్రంగి షెడ్డు. ఇరవై ఆరేళ్లుగా తలుపులు, మంచాలు, బడి బెంచీలు చేస్తున్నాను. గిటార్ మాత్రం అప్పటిదాకా ఎన్నడూ ముట్టలేదు.

ఎస్తేరమ్మ ఒక సంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. కిరండూల్ రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి. భర్త ఇక్కడి ఆసుపత్రిలో కాంపౌండర్. సంచిలో ఆమె ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. బస్సు పైనుంచి పడి బాడీ, అంటే తీగలను మోసే చెక్క మొద్దు, నిలువునా చీలింది. వేళ్లు ఆడించే నెక్ బాగానే ఉంది.

"కొత్త బాడీ చెయ్యగలరేటి మేస్త్రిగారూ?"

జ్వరమొచ్చి ఆమెకు వినికిడి పోయింది. మన పెదవులు చూసి మాట పట్టుకుంటుంది. నోరు జారి అడిగేశాను. "వినపడనప్పుడు ఇదెందుకమ్మా?"

"దవడతో వింటానండి," అని నవ్వింది. నాకు నమ్మకం కలగలేదు.

కూల్చిన ఇంటి నుంచి కొన్న టేకు పలక ఒకటి నా దగ్గరుంది. జానెడున్నర వెడల్పు, బాగా ఆరింది. ఆరు రోజులు కోసి, చిత్రిక పట్టాను. చివర్లో నెక్ పాకెట్, అంటే నెక్ కూర్చునే గుంట, తీస్తుంటే ఉలి జారింది. ఒక పక్క సందు పడింది. పల్చటి పేడు దూర్చి, రంగు కలిపి కప్పేశాను. ఎవరికీ చెప్పలేదు.

ఎస్తేరమ్మ తీగలు బిగించి, స్పీకరు తగిలించకుండానే బాడీ అంచుకు దవడ ఆనించి మీటింది. మళ్లీ మీటింది. వేలు తిన్నగా ఆ పేడు మీద పెట్టింది.

"మోత ఇక్కడ ఆగిపోతంది. ఇందులో ఏటో ఉంది మేస్త్రిగారూ."

"ఉన్నదమ్మా. ఉలి జారితే కప్పిన."

ఆమె తిట్టలేదు. "చెవులు మూసుకొని మీరూ వినండి," అంది.

బోలుగా ఉన్నదే పాడుతుందని, మొద్దు మూగదని అనుకునేవాణ్ణి. దవడ ఆనించగానే ఆ మోత నా పుర్రెలోకి వచ్చి, అంతలోనే మందగించింది.

పేడు పీకేశాను. అదే టేకు తుంటను బిగువుగా అతికి, ఆరాక గుంట మళ్లీ తీశాను. ఈసారి ఆమె మీటి, చాలాసేపు దవడ ఎత్తలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తర్వాత నేను ఆనించాను. తీగ నిలిచిపోయిందని కళ్లు చెబుతున్నా, నా పళ్లలో అది ఇంకా మోగుతూనే ఉంది.

కంటికి కనబడకపోతే తప్పు లేనట్టే అనుకుని అన్నేళ్లు పని చేశాను. ఇప్పుడు గోడలోకి వెళ్లిపోయే గుమ్మం వెనక పక్కను కూడా చిత్రిక పడుతున్నాను.