ఖలాస్ అన్నవాడే కాల్చాలి

ఈ ఉదయం మా ఆఫీసు కౌంటరుకు కొత్త చెక్క బిగించారు. వడ్రంగి గుడ్డపేలికను అవిసె నూనెలో ముంచి దాని మీద రుద్దుతున్నాడు. నేను ఫోన్‌లో ఎవరి మీదో అరుస్తున్నాను. కువైట్ సిటీలో, ఓడల్లో వచ్చే సరుకుల కాగితాలు తేల్చే ఆఫీసులో నా ఉద్యోగమే అది. పొద్దున ఏడింటికి రిసీవర్ ఎత్తితే భోజనం వేళకే దించుతాను. ఆ నూనె వాసన ముక్కుకు తగలగానే నా అరుపు సగంలో ఆగిపోయింది. అటువైపు మనిషి హలో హలో అంటున్నాడు. ఇటు నా కుడి అరచెయ్యి దానంతటదే బల్ల మీద చిన్న చిన్న సున్నాలు చుడుతోంది, మస్తాన్ మామ నేర్పినట్టు.

మస్తాన్ మామది రాయచోటి. సబ్హాన్‌లో, గోదాముల వరసకు చివర ఉన్న ఒక వర్క్‌షాపులో తుపాకులు బాగుచేసేవాడు. వేటకు వెళ్ళే కువైటీలు తెచ్చే తుపాకులు. లైసెన్సూ పోలీసు కాగితమూ చూడనిదే దేన్నీ బల్ల ఎక్కనిచ్చేవాడు కాదు. నేను బెజవాడలో ఫిట్టర్ కోర్సు చేసి, ఇరవై రెండేళ్ళ వయసులో, ముక్కు మీద కోపంతో ఆయన దగ్గరికి వచ్చి పడ్డాను. కడప కుర్రాళ్ళందరూ ఆయన్ని మామా అంటుంటే నేనూ మొదటిరోజే గట్టిగా "మామా" అని పిలిచాను. అక్కడే ఉన్న మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, అబూ ఫహద్ కడుపు పట్టుకుని నవ్వాడు. వాళ్ళ ఇళ్ళలో పనివాళ్ళు మామా అనేది ఇంటి యజమానురాలిని. తెల్లగడ్డం పెట్టుకున్న ఈ మనిషి మీ ఇంటి దొరసానా అని అడిగాడట. నాకు అరబ్బీ రాక తెలియలేదు. మామ తెలుగులో విడమర్చి చెప్పి, "ఇంగ నాకు చీర కొనియ్యల్ల నువ్వు" అన్నాడు.

నాలుగు నెలలు తిరిగేసరికి నాకు అరబ్బీ బాగానే వచ్చింది. దాంతో వర్క్‌షాపు ఫోన్ నా సొంతమైపోయింది. గోడకు తగిలించిన నల్ల ఫోన్ అది. ఒక చేతిలో ఆకురాయి, ఇంకో చేతిలో రిసీవర్. దాన్ని చెవికి కుట్టించుకోమని మామ సణిగేవాడు. ఫోన్‌లో ఎవరైనా తొందరపెడితే నాకు సర్రున ఎక్కేది. నాకంటే పెద్దగొంతు ఉన్నవాడు కువైట్‌లో లేడని నిరూపించేవాణ్ణి.

ఆ వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. ఖలాస్ అన్న మాట ఊరికే అనకూడదు. కువైట్ అంతా రోజుకు వందసార్లు అనే మాట. టీ తాగడం అయినా ఖలాసే, బస్సు వెళ్ళిపోయినా ఖలాసే. కానీ మామ బల్ల దగ్గర తుపాకీ పని పూర్తయినా ఎవరూ ఆ మాట అనేవారు కాదు. మామ తుపాకీని కంబళి గుడ్డ మీద పడుకోబెట్టి మౌనంగా చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవాడు. ఎడారిలోకి తీసుకెళ్ళి కాల్చి చూశాకే ఆ మాట. అంతకుముందే నోరు జారినవాడు ఎవడైతే వాడే దాన్ని భుజానికి ఆనించి మొదట కాల్చాలి.

ఒకరోజు అబూ ఫహద్ తన తండ్రి పాత రైఫిల్ తెచ్చాడు. ఆ పెద్దాయన్ని అందరూ హజ్జీ అనేవాళ్ళు. డెబ్భై దాటాయి. ఆ రైఫిల్ సముద్రం పక్కన ఇంట్లో, ట్రంకుపెట్టెలో ఏళ్ళ తరబడి పడి ఉండి ఇనుమంతా చిలుం పట్టింది. భుజానికి ఆనించే చెక్క నిలువునా చీలింది. చలికాలం గుడారాలు వేసే వేళకు దాన్ని మళ్ళీ తన చేత్తో కాల్చాలని హజ్జీ ఆశ. మామ గొట్టంలోకి దీపం పెట్టి చూసి, ఇది మిగిలే ఉంది, మిగతాదంతా కొత్తగా పుట్టించాలన్నాడు. నేను చేస్తానన్నాను. ఎందుకన్నానో తెలియదు, కళ్ళు మెరిసి ఉంటాయి. మామ నా వైపు చూసి, "అట్లయితే మొత్తం నువ్వే. నేను చెయ్యి పెట్టను" అన్నాడు.

మూడు నెలలు పట్టింది. అక్రోటు చెక్కను చెక్కాను, రెండుసార్లు పాడుచేశాను, మూడోసారి కుదిరింది. ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది నా వేలిముద్రలు అరిగిపోయాయి. రోజూ అరచేత్తో అవిసె నూనె పట్టించడం, సున్నాలు చుడుతూ, చెయ్యి వేడెక్కేదాకా. అబ్బాసియాలో గదిలో కూడా నా చేతులు ఆ వాసనే వేసేవి, పక్క మంచం వాళ్ళు తిట్టేవాళ్ళు. నాకైతే అన్నం కూడా ఆ వాసనతోనే రుచిగా ఉండేది. అన్నీ బిగించాక ఒక్కటే మిగిలింది. ఇనుమును చెక్కకు పట్టి ఉంచే స్క్రూలు రెండూ పాతవే. వెనకదానికి మర అరిగిపోయింది. కొత్తది లేత్ మీద కోయాలి, ఒక పూట పని. నాకు ఆగబుద్ధి కాలేదు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చింపి, పాత స్క్రూ చుట్టూ చుట్టి బిగించాను. చక్కగా పట్టుకుంది. మామకు చెప్పలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. అబూ ఫహద్. రైఫిల్ ఎప్పటికి, ప్రళయం వచ్చాకా అని అడిగాడు. హాస్యానికే అన్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా చెవులు వేడెక్కాయి. "ఖలాస్! ఖలాస్! రేపు పొద్దున్నే మీ నాన్నగారిని తీసుకురండి" అని ఠక్కున పెట్టేశాను.

మామ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఖలాస్ అంటే వాళ్ళకు పని అయిపోయిందని అబ్బీ. మనకు మనిషి అయిపోయినాడని. రెండిట్లో యాదో రేపు తుపాకీ చెప్తాది."

మర్నాడు శుక్రవారం. అబూ ఫహద్, హజ్జీలతో కలిసి, కాల్చుకోవడానికి అనుమతి ఉన్న చోటికి, ఎడారిలోకి పికప్‌లో వెళ్ళాం. చలిగాలి కోస్తోంది. నాకు మాత్రం చెమటలు. భయమా అంటే భయమే, కానీ లోపల ఎవరో డోలు వాయిస్తున్నట్టు ఆనందం కూడా. నేను పుట్టించింది ఇవాళ మాట్లాడుతుంది. మామ రైఫిల్‌ను టైరుకు కట్టి, చుట్టూ ఇసుక మూటలు పేర్చి, ట్రిగ్గర్‌కు పొడవాటి తాడు కట్టాడు. అందరం పికప్ వెనక నిలబడ్డాం. మొదటి గుళ్ళు ఎప్పుడూ అలాగే, మనిషి దూరంగా ఉండి. తాడు నా చేతికిచ్చి లాగమన్నాడు. లాగాను. ఆ చప్పుడు నా పక్కటెముకల్లో మోగింది. పరుగెత్తబోతే మామ చొక్కా పట్టి ఆపాడు. మెల్లగా నడిచివెళ్ళి, ఖాళీ తూటాను ఎండకు పట్టి తిప్పి చూసి, నా చేతిలో పెట్టాడు. పగులు లేదు, ఉబ్బు లేదు. అలా మూడుసార్లు. మూడోసారికి నేను చిన్నపిల్లాడిలా ఎగురుతున్నాను.

తాడు విప్పారు. ఇక భుజం. ఇసుకలో బోర్లా పడుకుని చెంపను చెక్కకు ఆనించాను. ఆ చెక్కలో ప్రతి నూలుపోగంత మెలికా నాకు తెలుసు. దూరంగా డబ్బా కనిపిస్తోంది. వెనక హజ్జీ, తర్వాత వంతు తనదని కళ్ళజోడు సర్దుకుంటున్నాడు. అప్పుడు నా బొటనవేలి కింద ఏదో కదిలింది. వెంట్రుకవాసి కూడా కాదు. ఇనుముకీ చెక్కకీ మధ్య, వెనక స్క్రూ దగ్గర.

నా ఒక్క గుండుకి ఏమీ కాకపోవచ్చు. అదే అనుకున్నాను ముందు. కాల్చేసి, నవ్వుతూ లేచి, తర్వాత ఎవరికీ తెలియకుండా బిగించొచ్చు. కానీ నా వెనకే ఆ ముసలి చెంప వచ్చి ఇదే చెక్కకు ఆనుతుంది. ఏ గుండుకు ఈ చెక్క మళ్ళీ చీలుతుందో, చీలిన పేడు ఎక్కడ గుచ్చుకుంటుందో. వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీశాను. తూటా బయటికి తీసి లేచి నిలబడ్డాను. నిన్న ఫోన్‌లో అరిచిన గొంతు ఎక్కడికో పోయింది.

"మూ ఖలాస్" అన్నాను. పూర్తి కాలేదు అని.

అబూ ఫహద్ ముఖం మాడింది. నేను మామ వైపు తిరిగి స్క్రూ సంగతి తెలుగులో చెప్పేశాను. మామ పికప్ బానెట్ మీద రైఫిల్ పెట్టి, వెనక స్క్రూ విప్పి, వెండి కాగితాన్ని గోటితో లాగి, వెలుతురుకు పట్టి చూశాడు.

"ఏ సిగరెట్టు?"

పేరు చెప్పాను. తలూపి, దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. హజ్జీ అంతా అడిగి తెలుసుకుని, కొడుకుతో ఏదో గట్టిగా అన్నాడు. గుడారం వెయ్యి, నేను ఇక్కడే ఉంటాను, ఈ పిల్లాడు వచ్చేదాకా టీ తాగుతుంటాను అని.

సబ్హాన్‌కు తిరిగొచ్చాం. మామ జుమా నమాజుకు మసీదుకు వెళ్ళాడు. నేను ఒంటరిగా లేత్ మీద కొత్త స్క్రూ కోశాను. ఒక్కో మరా లెక్కపెట్టుకుంటూ. జీవితంలో అంత నెమ్మదిగా నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు. మామ వచ్చి దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి నా చేతికే ఇచ్చాడు. నేనే బిగించాను.

పొద్దు వాలే అసర్ నమాజు వేళకు మళ్ళీ ఎడారి. మళ్ళీ టైరు, మళ్ళీ తాడు, మళ్ళీ మూడు గుళ్ళు. మళ్ళీ ఇసుకలో బోర్లా పడుకున్నాను. ఈసారి బొటనవేలి కింద రాయిలా ఉంది. ఊపిరి సగం వదిలి వేలు నొక్కాను. రైఫిల్ నా భుజాన్ని ఒక్క తోపు తోసింది, స్నేహితుడు తోసినట్టు. డబ్బా గాల్లోకి ఎగిరి, ఎండలో మెరిసి, ఇసుకలో పడి ఇంకా దొర్లుతూనే ఉంది. నేను అరిచానట. నాకు గుర్తులేదు, చెవులు గింగురుమంటున్నాయి. మామ నా పక్కన గొంతుక్కూర్చుని, "ఇప్పుడు చెప్పు" అన్నాడు.

చెప్పాను. చాలా చిన్నగా వచ్చింది ఆ మాట. హజ్జీ ఆ రైఫిల్ అందుకుని చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కాల్చకముందే ఆయన నవ్వడం చూశాను. నాకు అప్పటికీ ఇప్పటికీ దక్కిన జీతాల్లో అదే పెద్దది.

శనివారం పొద్దున వర్క్‌షాపుకు వెళ్ళేసరికి ఫోన్ మోగుతోంది. రిసీవర్ పట్టుకుంటే బొటనవేలికి నున్నగా తగిలింది. మామ ఆ వెండి కాగితాన్ని సరిగ్గా వేలు పడే చోట జిగురుతో అతికించాడు. నేనక్కడ ఉన్నంతకాలం అది ఊడలేదు.

చూపు మందగించాక మామ తన ఇఖామా, అంటే కువైట్‌లో ఉండనిచ్చే కాగితం, రద్దు చేయించుకుని ఊరికి వెళ్ళిపోయాడు. విమానాశ్రయంలో పెట్టె తోసుకుంటూ వెళ్తుంటే వెనక నుంచి పిలిచాను. "అయితే ఖలాసేనా మామా?" అన్నాను. ఆగి, వెనక్కి తిరిగి, "ఎవురు చెప్పిన్యారు? కాల్చి చూసినావా?" అన్నాడు. నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఈ ఉదయం, నా అరుపు ఆగిపోయాక, ఫోన్‌లో మనిషి అరుస్తున్నది నా మీదే. కాగితాలు ఖలాసా కాదా చెప్పు అంటాడు. నిజానికి అయిపోయాయి, నిన్ననే. మాట నాలుక చివర ఉంది. ఈ ఫోన్ మీద వెండి కాగితం లేదు, కానీ నా బొటనవేలు అది ఉండాల్సిన చోటును తడిమింది. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, రిసీవర్‌ను బల్ల మీద, నూనె ఆరని కొత్త చెక్క పక్కన పడుకోబెట్టి, ఆ ఫైలు తెచ్చి ఇంకోసారి చూడ్డానికి లేచాను.