తడిగుడ్డ మీద నారింజ మరక

ఆ రంగే పిల్ల ఒంటిమీద దద్దుర్లు లేపిందా, లేక అవి వాటంతటవే వచ్చి వాటంతటవే పోయాయా? ఇన్నేళ్లయినా తేలని సంగతే. వీధి వీధంతా భూతద్దం అత్తయ్య అని పిలిచే ఆవిడకు మాత్రం మొదటిరోజే తేలిపోయింది.

మిఠాయి బిళ్లల ఫ్యాక్టరీలో పాతికేళ్లు రంగులు తూచిన మనిషి. షిఫ్టు దిగేటప్పుడు తెల్లటి తడిగుడ్డతో వేళ్లు తుడిచి, రంగు మిగల్లేదని చూపిస్తేగానీ గేటు దాటనిచ్చేవారు కాదు. ఉద్యోగం మానేసినా ఆవిడ ఆ గుడ్డ మానలేదు. జామ్ సీసా గానీ బిస్కట్ ప్యాకెట్ గానీ ఇంట్లోకొస్తే, ఏ రంగు కలిపారోనని భూతద్దం పెట్టి చీమ తలకాయంత అక్షరాలు చదివేది. అప్పటికీ అనుమానం తీరకపోతే గుడ్డతో అద్ది చూసేది. కోడలు తెచ్చిన సరుకుల్లో సగం గుమ్మంలోంచే వెనక్కి వెళ్లేవి.

మనవరాలికి దద్దుర్లు మొదలయ్యాక ఆవిడకు కంటిమీద కునుకు లేదు. "రంగులు కొందరికి పడవమ్మా, అందరికీ కాదు. రోజూ ఏం తింటోందో రాసిపెట్టండి," అన్నాడు డాక్టరు. ఆవిడ రాయలేదు, కాపలా కాసింది. స్కూలు సంచి దులిపింది. కోడలి హ్యాండ్‌బ్యాగు తెరిచి వాసన చూసింది.

"చాటుగా పెడుతున్నదెవరో తేలాలి. తేలాక ఆ మనిషి పిల్లను ముట్టుకోవడానికి వీల్లేదు."

"నువ్వేనని నోరు తెరిచి అనండి అత్తయ్యా, ఎందుకా డొంకతిరుగుడు!"

ఒక ఉదయం మనవరాలి నాలుకమీద తడిగుడ్డ అద్దింది. నారింజ మరక.

"ఇదిగో! ఏం పెట్టావే దీనికి?"

"నిద్ర లేచిన దగ్గర్నుంచీ పిల్ల మీ ఒళ్లోనే ఉందిగా..." అంటూనే కోడలు ఆగింది. అత్తగారి చెయ్యి పట్టుకుని, గుడ్డ రెండోవైపు తిప్పి వేళ్లు తుడిచింది. అదే నారింజ.

"నానమ్మ రోజూ విటమిన్ బిళ్ల విరుస్తుందిగా," అంది పిల్ల. "సగం నాకు, సగం తనకు."

బలానికని ఆవిడే కొన్న బిళ్లలు. మందుల షాపు సరుకే కదా అని ఆ సీసా మీద ఏనాడూ భూతద్దం పెట్టలేదు. ఇప్పుడు పెట్టింది. చదివింది. అద్దం తుడుచుకుని మళ్లీ చదివింది.

"పోనీలెండి, తెలిసి చేశారా ఏమన్నా? కూర్చోండి, టీ పెడతాను," అని కోడలు వంటింట్లోకి వెళ్లింది.

కప్పుతో తిరిగొచ్చేసరికి బల్లమీద భూతద్దం, దాని కింద నీటుగా మడిచిన గుడ్డ ఉన్నాయి. వీధి తలుపు దగ్గర ఆవిడ చెప్పులు లేవు.