కుప్పంలో కొలిచిన వేగం

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి రెండు జబ్బులుంటాయి. తెలియనిది తెలుసనుకోవడం ఒకటి, దాన్ని నలుగురికీ చెప్పుకోవడం రెండోది. నాకు రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. ఆ రోజుల్లో మదనపల్లెలో ఒక మందుల షాపు మిద్దె మీద, చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పనిచేసేవాణ్ని. (ఆరుగురికి ఐదు కుర్చీలు. ఆలస్యంగా వచ్చినవాడు కిటికీ గట్టు మీద.) రైతు పాలు పోయగానే వెన్న శాతం చూసి చీటీ ఇచ్చే ప్రోగ్రాం మాది. పుంగనూరు పాల కేంద్రంలో ఒక్కో చీటీకి తొమ్మిది సెకన్లు పడుతోందని, పొద్దున్నే వరస రోడ్డెక్కుతోందని ఫిర్యాదు వచ్చింది. మా సారు నన్ను పిలిచి, "ఇది సరిచేసినావంటే పర్మనెంటు కాగితం ఇస్తానప్పా. లేదంటే ఇంకో పని సూసుకో" అన్నారు. మా నాయన అప్పటికే మా ఊరు పెద్దమండ్యంలో నా ఉద్యోగం పర్మనెంటు అయిపోయిందని సగం ఊరికి చెప్పేసి ఉన్నాడు.

పుంగనూరు వెళ్లి, పొద్దున ఏడింటికి జనం మధ్య నిలబడి, ప్రొఫైలర్ పెట్టి కొలిచాను. (ప్రోగ్రాం ఏ పని దగ్గర ఎంతసేపు కూర్చుంటోందో రాసిపెట్టే సాధనం అది.) వారం రోజులు కష్టపడి కోడు తిరగరాశాను. మళ్లీ కొలవాలి కదా. కుప్పంలోనూ మా ప్రోగ్రాం పెట్టిన కేంద్రం ఒకటుంది, దానికి రెండు వీధుల అవతల మా పిన్ని ఇల్లుంది. ఆ పిన్ని చేసే రాగి సంగటి, నాటుకోడి పులుసు గుర్తొచ్చాక నాకు పుంగనూరు బస్సు కనిపించలేదు. కడుపు నిండా తిని, మధ్యాహ్నం రెండింటికి కేంద్రానికి పోయాను. ఇంకా ప్రారంభం కాని కేంద్రం, కొత్త కంప్యూటరు, అందులో నాలుగే పేర్లు. పాలు పోసే మనిషి లేకపోతే పిన్నింటి నుంచి చెంబెడు తెచ్చి నేనే పోశాను. మూడు సెకన్లలో చీటీ వచ్చింది.

పాతదానికి ఎర్రగీత పొడుగ్గా, కొత్తదానికి పచ్చగీత పొట్టిగా ఉండే బొమ్మతో రిపోర్టు రాసి, 'మూడింతల వేగం' అని పైన పెద్దక్షరాలతో కొట్టాను. సారు చెయ్యి కలిపారు. సోమవారం కాగితం ఇస్తానన్నారు. శనివారం పొద్దున కొత్త చొక్కా వేసుకుని, పుంగనూరులో ఇక మూడే సెకన్లని అందరికీ చెప్పి, నా చేతులతోనే కొత్త ప్రోగ్రాం ఎక్కించాను.

మొదటి చీటీకి పన్నెండు సెకన్లు. రెండో చీటీకీ అంతే. వరస రోడ్డు దాటి ఎదురు టీ అంగడిలోకి పోయింది. పాలు కొలిచే అక్క కొలపాత్ర చేత్తో పట్టుకునే నన్ను చూసింది.

"యాడ కొలిచినావప్పా, మూడు సెకన్లని?"

"కుప్పంలో అక్కా."

"ఏ పొద్దు?"

"మధ్యాన్నం."

"మధ్యాన్నం ఎవురు పాలు పోస్తారప్పా?" అక్క పాత్ర కింద పెట్టింది. "మా ఆవు పాలు పొద్దున పట్టి, ఎదురింటోళ్ల ఎనుము పాలు సాయంత్రం పట్టి, మేత మార్చినాను, వెన్న పెరిగిందీ అంటే నువ్వు నమ్ముతావా? అదే ఆవు, అదే పూట సూడాల. మేత ఒకటే మార్చల్ల."

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. పాత ప్రోగ్రాం తిరిగి ఎక్కించి, సారుకు ఫోన్ చేసి, నా రిపోర్టు తప్పని చెప్పాను. "సోమవారం కాగితం లేదప్పా. ఆణ్నే ఉండి సరిగ్గా సూసుకుని రా" అన్నారు.

అక్కడే ఉన్నాను. అదే కంప్యూటరు, అదే పొద్దున ఏడింటి వేళ. ఒకరోజు పాతది, ఒకరోజు కొత్తది. రెండు కొలతలూ పక్కపక్కన పెడితే దొంగ దొరికాడు. నేను గొప్పగా రాసిన కోడు ఒక్కో చీటీకీ కేంద్రంలోని రైతుల పేర్లన్నీ మొదటినుంచి చదువుతోంది. కుప్పంలో నాలుగు పేర్లకు అది బయటపడలేదు, ఇక్కడ వందల పేర్లకు చతికిలబడింది. సరిచేశాక నాలుగు సెకన్లు. మూడింతలు కాదు గానీ, పొద్దున ఏడింటికి, జనం ముందర వచ్చిన నాలుగు. అక్క చీటీ చించి చూసి, "ఇప్పుడు నమ్ముతా" అంది. నెల తరువాత పర్మనెంటు కాగితం వచ్చినప్పుడు కూడా నేనంత సంతోషపడలేదు.

ఇప్పుడు నా దగ్గరికీ పిల్లలు రిపోర్టులు తెస్తారు. పచ్చగీత మరీ పొట్టిగా ఉంటే, "ఏ పొద్దు కొలిచినావప్పా?" అంటాను. ఇదేదో పెద్ద శిక్షణలో నేర్చుకున్న ప్రశ్న అనుకుంటారు. నేనూ కాదనను.

మొన్న కుప్పం వెళ్తే పిన్ని మళ్లీ సంగటి, పులుసు పెట్టింది. బాగుంది. ఆ రోజు తిన్నంత బాగా మాత్రం లేదు. ఆకలి వేరు, వయసు వేరు, పోల్చకూడదని అందరికీ చెప్పేది నేనే. అయినా రెండో ముద్ద దగ్గరే పోల్చేశాను.